జోజిపేట దాకా వినపడే గిటారు

ఆ బుధవారం పొద్దున లూకా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంత సద్దన్నం తినాలి, గిటారు సైకిలుకు కట్టుకోవాలి, పది గంటలకల్లా నల్లవాగు కాలనీ క్లబ్బుకు పోయి ట్రయలు ఇవ్వాలి, మధ్యాహ్నానికి ఆర్కెస్ట్రాలో చేరిపోయి ఇంటికి రావాలి. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు.

తల్లి సవరమ్మ ప్లానూ ఆ పూటకే పడింది. జోజిపేట ఆడవాళ్ళంతా కలిసి అర్జీ పట్టుకుని గని ఆఫీసుకు పోతున్నారు. బ్లాస్టింగు దెబ్బకు ఊళ్ళో ఒక్క గోడా తిన్నగా లేదు. సవరమ్మ ఇంటి పడమటి గోడకు పడిన నెర్రెలో ఇప్పటికి రెండు పాత చీరలు కుక్కింది. మూడోది కుక్కడానికి చీర ఉంది గానీ, అది ఆమె ఒంటి మీద ఉంది.

"నువ్వు గూడ రారాదురా. చదువుకున్నోడు ఒక్కడన్న పక్కనుంటే ఆఫీసోళ్ళు మొకం చూసి మాట్లాడుతరు," అంది సవరమ్మ.

"ఇయ్యాల ట్రయలుందే అమ్మా. మూడేండ్ల సంది తిరుగుతున్న."

"గోడ గూడ మూడేండ్ల సందే పగులుతున్నది."

"గోడ యాడికి పోతదే. రేపు గూడ ఆడనే ఉంటది," అని లూకా సైకిలెక్కాడు.

నల్లవాగు గని సంగతి కొంచెం చెప్పుకోవాలి. మణుగూరు దాటి అడవిలోకి పోతే వస్తుంది. భూమిని పైనుంచి తవ్వి బొగ్గు తీసే గని. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు సైరన్ మోగుతుంది, వెనకాలే బ్లాస్టింగు. సైరన్ వినగానే గని కార్మికుల కాలనీలో ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి వంటింట్లోకి పోతారు. రెండు చేతులూ చాచి షెల్ఫు మీది స్టీలు సామాన్లను పట్టుకుని నిలబడతారు. పెళ్ళయి కొత్తగా కాలనీకి వచ్చిన పిల్లకు అత్తగారు దేవుడి గది కంటే ముందు పట్టుకోవాల్సిన షెల్ఫు చూపిస్తుంది. జోజిపేటలో షెల్ఫులు లేవు కనుక అక్కడి ఆడవాళ్ళు కుండలూ చట్లూ వాకిట్లోకి మోసుకొచ్చి వాటి పక్కనే కూర్చుంటారు. ఢామ్మని ఒక్కటి పేలుతుంది. పైకప్పు నుంచి కూరలో ఇంత మట్టి రాలుతుంది. మళ్ళీ ఎవరి కుండలు వాళ్ళు లోపలికి మోసుకుపోతారు.

ఈ గొడవలో పెరిగిన పిల్లలందరూ చెవులు మూసుకోవడం నేర్చుకున్నారు. లూకా ఒక్కడే చెవి నేలకు ఆనించి పడుకోవడం నేర్చుకున్నాడు. పేలుడు చెవిదాకా రాకముందే మడమల్లోకి వస్తుంది, మోకాళ్ళెక్కుతుంది, కడుపులో ఒక తిరుగు తిరిగి అప్పుడు చెవిని చేరుతుంది. ఆ మధ్యలో ఉండే క్షణం కోసం వాడు రోజల్లా ఎదురు చూసేవాడు. లోకంలో సంగీతం అనేది ఒకటి ఉంటే అది ఇలాగే కింది నుంచి రావాలని వాడి గట్టి నమ్మకం.

తండ్రి పేరు ఆరోగ్యం, చర్చిలో ప్రార్థనలు చెప్పే ఉపదేశి. కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం ఉండేది. ఆయన వాయిస్తుంటే లూకా కింద కూర్చుని తొక్కేవాడు. ఆయన కాస్త ఆదమరిస్తే చాలు, చెయ్యి పైకి చాచి ఎడమ చివరి మెట్టు నొక్కేవాడు. చర్చి మొత్తం బర్రె మూలిగినట్టు మూలిగేది. "దేవునికి గా పక్క పని లేదురా," అని ఆరోగ్యం వాడి వేళ్ళ మీద ఒకటి వేసేవాడు. తండ్రి పోయాక హార్మోనియాన్ని ఎలుకలు కొట్టేశాయి. లూకా ట్రాన్సిస్టరును ఇత్తడి గంగాళంలో పెట్టి, దాని మీద తల వంచి పాటలు వినడం మొదలుపెట్టాడు. గంగాళంలో పాడేవాళ్ళ గొంతు పోయి, వెనక గుంగుంమనే బేస్ మాత్రం మిగిలేది. ఊళ్ళో వాళ్ళకు అది పిచ్చిగానే కనపడింది. వాడికి ఒక పెళ్ళి సంబంధం ఆ గంగాళం వల్లే తప్పిపోయింది.

తరువాత కాలనీ గేటు పక్కన సైకిలు షాపులో పని దొరికింది. ఖమ్మంలో ఒక ఆర్కెస్ట్రా మూతపడితే వాళ్ళ బేస్ గిటారు కొనుక్కొచ్చాడు. సవరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాలుగే తీగలున్నయేందిరా. చర్చిల ఫాదరు గిటారుకు ఆరున్నయి."

"దీనికి నాలుగేనే అమ్మా."

"నిన్ను మోసం చేసిండ్రు బిడ్డా. పోయి కడమ రెండు అడుగు."

వాయించి చూపిస్తే ఇంకా దిగులు పడింది. స్పీకరు లేని బేస్ గిటారు దోమ ఎగిరినంత కూడా వినపడదు. లూకా రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని, చెక్కను దవడకు ఆనించుకుని వాయించేవాడు. వాడికి మాత్రమే, అదీ ఎముకల్లోంచి వినపడేది. చూసేవాళ్ళకు పంటి నొప్పితో బాధపడుతున్న మనిషిలా కనపడేవాడు. వాడికి పెద్ద ఆశలేమీ లేవు. బ్యాండులో చేరాలి. తన చప్పుడు ఒక్కసారి, ఒక్క పరాయి మనిషికైనా వినపడాలి. అంతే.

కాలనీ ఆర్కెస్ట్రా బసవపున్నయ్యది. గని టైమాఫీసులో గుమాస్తా, గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ముక్కుతో పాడతాడు. ఆర్కెస్ట్రా అంటే గాయకుడనీ, తక్కిన వాళ్ళు గాయకుడికి స్టేజీ మీద తోచకుండా ఉండకూడదని వచ్చిన వాళ్ళనీ ఆయన అభిప్రాయం. "బేసెందుకయ్యా? మా కీబోర్డువాడి ఎడంచెయ్యి ఉందిగా," అని మూడేళ్ళుగా లూకాను తిప్పి పంపిస్తున్నాడు. ఈసారి గని వార్షికోత్సవం నెల రోజుల్లో ఉందనగా కీబోర్డువాడు మోటారు సైకిలు మీంచి పడి ఆ ఎడంచెయ్యే విరగ్గొట్టుకున్నాడు. కబురు వినగానే లూకా చర్చికి పోయి కొవ్వొత్తి వెలిగించాడు. ఆ చెయ్యి బాగుపడాలని వెలిగించాడో, నిదానంగా బాగుపడాలని వెలిగించాడో దేవుడికే తెలియాలి.

క్లబ్బు రేకుల షెడ్డు. స్టేజీ మీద మనిషెత్తు స్పీకరు డబ్బాలు రెండు నిలబడి ఉన్నాయి. వార్షికోత్సవం కోసం హైదరాబాదు నుంచి వచ్చినవి, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా తీయలేదు. లూకా వాటిని చూసి లోపలికి రాబోయి గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు.

"ఊఁ, కానీ," అన్నాడు బసవపున్నయ్య, కుర్చీలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ. లూకా వైరు పెట్టి మెల్లగా ఒక తీగ మీటాడు.

"వినపళ్ళేదయ్యా. పెంచు."

లూకా పెంచాడు.

"ఏదో గుయ్‌మంటోంది గానీ పాటెక్కడుంది? పెంచు."

ఇరవై ఏళ్ళుగా తన గొంతు తప్ప ఇంకోటి వినని చెవులవి. బేస్ అనేది పాట కాదనీ, పాట నిలబడే నేల అనీ చెప్పడానికి లూకాకు ధైర్యం చాలలేదు. మరలను చివరిదాకా తిప్పి, కళ్ళు మూసుకుని, అన్నిటికంటే లావు తీగను గట్టిగా లాగాడు. మడమల్లోంచి వచ్చింది. మోకాళ్ళెక్కింది. కడుపులో తిరిగింది. చిన్నప్పుడు నేల మీద పడుకుని విన్నదే, ఇప్పుడు తన చేతుల్లోంచి వస్తోంది. రేకులు టపటపలాడాయి, కిటికీ అద్దం ఒకటి జారి పగిలింది. లూకా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఆపలేదు, ఇంకా లాగాడు.

క్లబ్బు వెనక గోడకు ఆనుకునే భారతమ్మ క్వార్టరు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. షెల్ఫు మీంచి ముందు గ్లాసులు పడ్డాయి, తరువాత పళ్ళేలు, ఆఖరికి పుట్టింటి వాళ్ళు పెట్టిన బిందె దొర్లుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. గడియారం చూసింది. పదింపావు. సైరన్ మోగలేదు. కాలనీలో ఏ ఆడమనిషికైనా తెలిసిన లెక్క ఒకటే: సైరన్ తరువాత ఇల్లు ఊగితే బ్లాస్టింగు, సైరన్ లేకుండా ఊగితే ప్రమాదం. భారతమ్మ భర్త పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. ఆవిడ అరవలేదు. పొయ్యి ఆర్పి, ఒక కాలికి తన చెప్పూ, ఇంకో కాలికి భర్త చెప్పూ వేసుకుని వీధిలోకి వచ్చింది.

"టైం గాని టైంల ఇల్లు ఊగిందే," అంది పక్కింట్లో. రెండో ఇంటికి అది గనిలో గట్టు కూలడమైంది. వీధి చివరికి బొగ్గు మోసే రెండు డంపరు లారీలు దాని కింద పడ్డాయి. గేటు దగ్గరికి చేరేసరికి పోయినవాళ్ళ పేర్లు కూడా వచ్చేశాయి. అందులో సెలవు పెట్టి కారేపల్లి పోయి, బావమరిది పెళ్ళిలో వడ్డిస్తున్నవాడు కూడా ఉన్నాడు.

గేటు వాచ్‌మన్ పిచ్చయ్య గనిలోకి ఫోను చేశాడు. అది టీల వేళ, ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్ళు ఆయన చొక్కా పట్టుకున్నారు. "ఏందన్నా, ఎవ్వరు ఎత్తుతలేరా?" అని భారతమ్మ అడిగిన తీరుకు పిచ్చయ్యకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని సైరన్ నొక్కాడు.

గనిలో ఉన్నవాళ్ళు సైరన్ విన్నారు. సైరన్ మోగితే ఎక్కడి బండి అక్కడ వదిలేసి షెల్టర్లో దూరాలని రూలు. నల్లవాగులో ఎవరైనా రూలు పాటించిన సందర్భం అదొక్కటే. అందరూ దూరారు. కింద నుంచి ఒక్క బండీ పైకి రాకపోయేసరికి పైన ఏడుపులు మొదలయ్యాయి. పైనవాళ్ళు కిందవాళ్ళ కోసం ఏడుస్తుంటే, కిందవాళ్ళు రాని పేలుడు కోసం చెవులు మూసుకుని కూర్చున్నారు.

యూనియన్ లీడరు తుల్సీరాం డ్రమ్ము ఎక్కాడు. "ప్రొడక్షను కోసం టైం గాని టైంల బ్లాస్టింగు చేసిండ్రు. గిది మేనేజ్‌మెంటు చేసిన పనే," అన్నాడు. మేనేజరు వెంకటప్పయ్య జీపులో వచ్చాడు. "బ్లాస్టింగే జరగలేదయ్యా," అని ఆయన ఎంత చెప్పినా వినేవాళ్ళు లేరు. సరిగ్గా అప్పుడే జోజిపేట ఆడవాళ్ళు అర్జీతో గేటు దగ్గరికి చేరారు. సంగతి తెలుసుకుని సవరమ్మ ముందుకు వచ్చింది.

"సార్, మా గోడలు బ్లాస్టింగుకు పగలలే, ఎలుకలు తొవ్వినయంటిరి. మరి ఈ అమ్మ ఇంట్ల బిందె గూడ ఎలుకలే పడేసినయా?"

ఏడుస్తున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఏడుపు ఆపి మేనేజరు ముఖం చూశారు. వెంకటప్పయ్యకు చెమట పట్టింది. కాలనీ ఒక పక్క, ఊరు ఒక పక్క, మధ్యలో డ్రమ్మెక్కిన తుల్సీరాం. "సరేనమ్మా. ఇలా తే. గోడలన్నీ కంపెనీయే కట్టిస్తుందని రాసిస్తాను. ముందు గేటు వదలండి," అన్నాడు. అర్జీని జీపు బానెట్ మీద పరిచాడు, జేబులోంచి పెన్ను తీశాడు, మూత తీశాడు. సవరమ్మ ఆ పెన్ను వంకే చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈలోగా ఎవరో ఇంకో జీపులో గనిలోకి పోయి షెల్టరు తలుపు కొట్టారు. మొదట పైకి వచ్చినవాడు భారతమ్మ మొగుడే, చేతిలో టీ గ్లాసుతో సహా. "బతికే ఉన్నవా? మరి ఫోనెందుకు ఎత్తలే?" అని ఆవిడ ముందు కోప్పడింది, తరువాత వాడి చొక్కా పట్టుకుని భోరున ఏడ్చింది. అందరూ లెక్కకు వచ్చారు. కారేపల్లి పోయినవాడు తప్ప ఎవరూ తక్కువ లేరు.

సైరన్ విని క్లబ్బు నుంచి పరిగెత్తుకొచ్చిన బసవపున్నయ్య, లూకా అప్పటికి గేటు దగ్గరికి చేరారు. లూకా మెడలో గిటారు అలాగే ఉంది. భారతమ్మ తన గ్లాసుల కథ మొదటి నుంచి చెబుతుంటే బసవపున్నయ్యకు విషయం అర్థమైంది. క్లబ్బు తాళం తన పేర ఉంది, స్పీకర్లు తన సంతకం మీద వచ్చాయి. ఇక ఆలస్యం చెయ్యలేదు.

"సార్, అది బ్లాస్టింగూ కాదు, గట్టు కూలడమూ కాదు. ఇదిగో, ఈ కుర్రాడి గిటారు. నేను వద్దంటూనే ఉన్నాను, పెంచాడు."

వెంకటప్పయ్య లూకాను పైనుంచి కింది దాకా చూశాడు. పెన్నుకు మూత పెట్టాడు.

"ఏదీ, మళ్ళీ వాయించు చూద్దాం," అన్నాడు.

జనమంతా క్లబ్బుకు తరలింది. మేనేజరు ముందు వరసలో కూర్చున్నాడు. తుల్సీరాం వచ్చాడు, షిఫ్టు దిగినవాళ్ళు బొగ్గు ముఖాలతో కిటికీల దగ్గర నిలబడ్డారు. జోజిపేట ఆడవాళ్ళు గుమ్మం బయటే ఆగారు. లూకా జన్మలో తనను వినడానికి ఇంతమంది రాలేదు. వాయించాడు. రేకులు దడదడలాడాయి. వెనక క్వార్టర్లో భారతమ్మ షెల్ఫు మీద మిగిలిన గిన్నెలు కూడా పడ్డాయి. స్టేజీ పక్క గోడ నుంచి అరచేయంత సున్నం పెచ్చు ఊడి కింద పడింది. జనం చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా కొట్టాడు. లూకాకు ఆ చప్పట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు, వినపడలేదు.

"బాగుందయ్యా, చాలా బాగుంది," అన్నాడు వెంకటప్పయ్య. ఇలాంటి మాట లూకాతో ఎవరూ అని ఎరుగరు. "రోజూ వాయిస్తావా?"

"రోజు వాయిస్త సార్. ఒక్క పూట గూడ తప్పను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేండ్లాయె సార్."

"మంచిది. మీదే ఊరు?"

"జోజిపేట సార్."

"అబ్బో, రెండు మైళ్ళుంటుంది. ఇక్కడ వాయిస్తే అక్కడిదాకా వినపడుతుందా?"

గుమ్మం బయట సవరమ్మ తల అడ్డంగా ఊపింది. లూకా అటు చూడలేదు. దవడకు చెక్క ఆనించుకుని కూర్చున్న సాయంత్రాలన్నీ వాడికి గుర్తొచ్చాయి. తన గిటారు ఎంత దూరం పోతుందని వాడిని అడిగిన మొదటి మనిషి ఈయనే.

"ఎందుకు ఇనపడది సార్, మస్తుగ ఇనపడుతది," అన్నాడు.

"అందరూ విన్నారుగా," అంటూ మేనేజరు లేచాడు.

తుల్సీరాం ఏదో అనబోయాడు. మేనేజరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కాలనీ క్వార్టర్లకు కొత్త సున్నం, అద్దాలు, షెల్ఫులకు ముందు అడ్డకర్రలు వెంటనే వేయిస్తానన్నాడు. తుల్సీరాం యూనియన్ విజయం అన్నాడు. ఆ తరువాత హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు దిగాడు. గెస్టుహౌసులో నాటుకోడి తిన్నాడు, క్లబ్బు గోడకు ఒక యంత్రం తగిలించి లూకా చేత వాయింపించాడు. నల్లవాగు కాలనీలోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ గోడలు పగలడానికి కారణం సంగీత సాధన అనీ, ఈ విషయాన్ని సంగీతకారుడే స్వయంగా ఒప్పుకున్నాడనీ రిపోర్టు రాశాడు. జోజిపేట అర్జీకి ఆ రిపోర్టునే జవాబుగా కుట్టి పంపించారు.

ఊరు ఊరంతా సవరమ్మ వాకిట్లోకి వచ్చింది. పక్క తండా నుంచి రూప్లి కూడా వచ్చింది. "మా గోడ గూడ నీ కొడుకే పగలగొట్టిండట సవరమ్మా. మాకైతే ఒక్క పాట గూడ ఇనపడలేదాయె," అంది. సవరమ్మ తలవంచుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. లూకా ఇంట్లోంచి బయటికి రాలేదు. చెయ్యని తప్పుకు సిగ్గుపడాలో, చెప్పిన మాటకు సిగ్గుపడాలో తేలక, రెండిటికీ కలిపి సిగ్గుపడ్డాడు.

వారం తిరగకముందే బసవపున్నయ్య వెతుక్కుంటూ సైకిలు షాపుకు వచ్చాడు. ముఖం చేదు మందు మింగినట్టుంది.

"నిన్ను ఆర్కెస్ట్రాలో తీసుకోమని మేనేజరుగారి ఆర్డరు. పర్మనెంటుగా."

"నిజంగనా సార్?"

"నాకేం సరదానా? గోడలు పగలడానికి కారణం నువ్వని రిపోర్టులో రాశారు. కారణం ఊళ్ళో ఉండాలిగా. నువ్వు లేకపోతే రేపటి పగుళ్ళు ఎవరి మీద వేస్తారు?" అని గొంతు తగ్గించాడు. "ఒక్కటే షరతు. స్టేజీ మీద నిలబడు, వాయించు, తల ఊపు. వైరు మాత్రం పెట్టకు. ఆఫీసర్ల భార్యలు ముందు వరసలో కూర్చుంటారు, అద్దాలు పగిలితే బాగుండదు."

లూకా పంక్చరు వేస్తున్న ట్యూబు కింద పెట్టాడు. వద్దని చెప్పడానికి వాడికి చాలా మంచి కారణాలు ఉన్నాయి. అవన్నీ ఒకటి తరువాత ఒకటి గుర్తొచ్చాయి కూడా. అయినా, "ఎప్పుడు రమ్మంటరు సార్?" అన్నాడు.

ఇంటికి పోయి చెబితే సవరమ్మ పడమటి గోడ దగ్గర కూర్చుని ఉంది. ఆఖరి చీర అంచు చింపి నెర్రెలోకి తోస్తోంది. "బ్యాండుల తీసుకున్నరే అమ్మా," అన్నాడు లూకా. ఆమె చేతి పని ఆపలేదు. "కడమ రెండు తీగలిచ్చిండ్రా?" అని అడిగింది.

వార్షికోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. స్టేజీ మీద లూకా ఇస్త్రీ చొక్కాతో, నూనె రాసిన తలతో నిలబడ్డాడు. వైరు చుట్ట చుట్టి ప్యాంటు జేబులో ఉంది. పేరు చదివినప్పుడు చప్పట్లు మోగాయి. మేనేజరు అందరికంటే ఎక్కువ సేపు కొట్టాడు. బసవపున్నయ్య ముక్కుతో పాడుతుంటే వెనకాల లూకా వేళ్ళు తీగల మీద పరుగెత్తాయి. ఒక్క స్వరం తప్పు పోలేదు. అది వాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదు. పాట మధ్యలో అలవాటుగా దవడ చెక్కకు ఆనించాడు. ఎదుట అన్ని వందల మంది, పక్కనే మనిషెత్తు స్పీకర్లు, లూకా మళ్ళీ వాకిట్లో కూర్చున్నట్టే ఉన్నాడు. ఈసారి ఏడుపు వచ్చింది గానీ, ఆ ఏడుపు వేరు.

జనంలో సవరమ్మ పక్కన భారతమ్మ కూర్చుంది. కొత్త అడ్డకర్రలు వేసినప్పటి నుంచి ఆవిడకు ఎవరి మీదా కోపం లేదు. కాసేపు స్టేజీ వంక చెవులు రిక్కించి చూసి, సవరమ్మ వైపు వంగింది.

"ఇన్ని వాయిస్తున్నరు గద, ఇన్నిట్ల నీ కొడుకుది ఏ సప్పుడు సవరమ్మా? నాకు తెలుస్తలేదు."

"రేపు పగటిపూట రెండు గంటల సైరన్‌కు మా ఇంటికి రా అమ్మా, ఇనిపిస్త," అంది సవరమ్మ.